మరిపించిన సలాం

పాఖాల అడవి అంచున ముప్పై ఎకరాల కంచె ఒకటి ఏడేళ్లు నా చేతుల్లో ఉంది. కంచె అంటే మా వైపు పశువులు మేసే బీడు. దాని చుట్టూ ముళ్లతీగ లాగి, మూలన రెండు రేకుల షెడ్లు వేసి, గాయపడ్డ జంతువులను, పట్టుబడ్డ జంతువులను అక్కడ పెట్టి, బాగయ్యాక అడవిలో వదిలే పనిని మా అటవీ శాఖ నాకు అప్పజెప్పింది. ఇది డెబ్బైల చివరి మాట. అడవి జంతువును పట్టుకున్నా పెంచినా నేరమని చట్టం వచ్చి అప్పటికి కొన్నేళ్లే అయింది. పట్టుకొచ్చిన వాటిని ఎక్కడ పెట్టాలో మాత్రం ఎవరికీ తెలియదు. ఎవరింట్లోనో జింకపిల్ల దొరికితే తెచ్చి ఆఫీసు వరండాలో స్తంభానికి కట్టేసేవాళ్లు. అది మూడో రోజుకు చచ్చిపోయేది. ఆ చావులు చూడలేక నేనే ఒక కాగితం రాసి పైకి పంపాను. కాగితం రాసినవాడినే అక్కడ కూర్చోబెట్టారు.

చుట్టుపక్కల ఊళ్లవాళ్లు దాన్ని జంతువుల దవాఖాన అనేవాళ్లు. బావిలో పడ్డ కొండచిలువను గోనెసంచిలో వేసుకొచ్చేవాళ్లు. కుక్కలు కరిచిన దుప్పిపిల్లను భుజాన మోసుకొచ్చేవాళ్లు. కరెంటు తీగ తగిలి రెక్క కాలిన నెమలిని ఒకామె చీర కొంగులో చుట్టుకొని నర్సంపేట నుంచి బస్సులో తెచ్చింది, దానికి టికెట్ ఎందుకు కొట్టాలని కండక్టరుతో దారంతా కొట్లాడుతూ. పశువుల డాక్టరు వారానికి ఒకసారి వచ్చేవాడు. మిగతా రోజుల్లో డాక్టరును నేనే, వంటవాడిని నేనే, తిట్టేవాడిని కూడా నేనే. నాకు తోడు ఒక వాచరు ఉండేవాడు. దగ్గర్లోని ఊరివాడు, నాకన్నా పదేళ్లు పెద్ద. అడవిలో పుట్టిపెరిగిన మనిషి. నాకు తెలిసిన దాంట్లో సగం అతను చెప్పిందే, కానీ ఆ సంగతి నేను ఎప్పుడూ ఒప్పుకునేవాడిని కాదు.

నేను రిటైరైన రోజున హనుమకొండలో చిన్న సభ పెట్టి, శాలువా కప్పి, మూగజీవాల పాలిట దేవుడన్నారు. నేను తల దించుకొని కూర్చున్నాను. వినయం అనుకున్నారు. అప్పుడు నా కళ్లముందు ఉన్నది ఒక ఆడ ఎలుగుబంటి, దాన్ని పెంచిన ఒక ముసలి సాయిబు. ఆ రెండు ప్రాణాలకు నేను చేసిన అన్యాయం ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడకు కూడా.

ఆ ఎలుగును నేనే పట్టుకున్నాను. ఒకరోజు ఏదో పని మీద నెక్కొండ పోయి, తిరుగు బండి కోసం స్టేషన్‌లో కూర్చున్నాను. ప్లాట్‌ఫాం చివర జనం గుమిగూడి ఉన్నారు. మధ్యలో ఒక సాయిబు డమరుకం వాయిస్తున్నాడు. తెల్ల గడ్డం, మోకాళ్ల దాకా లుంగీ. ముక్కుకు తాడు గుచ్చిన ఎలుగుపిల్ల ఒకటి అతని ముందు ఉంది. ఏడాది పైబడి ఉంటుంది. అతను కుడిచెయ్యి నొసటికి పెట్టగానే అది వెనక కాళ్ల మీద లేచి, ముందుకాలు మొహం దాకా ఎత్తి సలాం చేసింది. జనం నవ్వారు. అతను దాని నోట్లో బెల్లంముక్క పెట్టాడు. ఒక తల్లి జడుసుకున్న పిల్లవాడిని తీసుకొచ్చి దాని వీపు మీద కూర్చోబెట్టింది. ఇంకో ఆమె తాయెత్తు కోసం నాలుగు వెంట్రుకలు అడిగింది. పిల్లలకు భయం పోవాలని ఎలుగు వెంట్రుకలు తాయెత్తులో పెట్టి మెడలో కట్టడం మా వైపు ఇంటింటా ఉన్నదే. నా చిన్నప్పుడు నా మెడలోనూ ఉండేది.

నాకు ముక్కు మీద కోపం. పైగా కొత్తగా కంచె చేతికొచ్చిన రోజులు. పోలీసులను పిలిపించి, స్టేషన్ బల్ల మీదే పంచనామా రాసి, ఎలుగును, తాడును, కర్రను, డమరుకాన్ని జప్తు చేశాను. సాయిబు ఎదురు తిరగలేదు. ఎలుగు పెదవి పైకెత్తి నాకు చూపించాడు.

"చూడుండ్రి సార్, పండ్లు పీకలే. అందరు పీకుతరు. నాకు చేతులు రాలే. నా బేటీ సార్ ఇది. ఇంకో చేత్తో పెడితే తినదు."

"తింటదో తినదో నేను చూసుకుంట. నువ్వు జైలుకు పోకుంట వదిలిపెట్టిన, సంతోషపడు" అన్నాను.

పళ్లు పీకకపోవడమే దాని అదృష్టం అనుకున్నాను. పళ్లు పీకిన ఎలుగు అడవిలో బతకదు. ఈ పిల్ల బతకగలదు. దీన్ని అడవికి పంపితే, ఆడించే ఎలుగును అడవి ఎలుగుగా మార్చిన మొదటివాడిని నేనే అవుతాను. అప్పుడే నాకు ఆ ఊహ వచ్చింది. జంతువు మీద జాలి ఎంత, నా పేరు మీద మోజు ఎంత అని ఇప్పుడు అడిగితే చెప్పలేను. రెండూ ఉన్నాయి.

అది నిజంగానే నాలుగు రోజులు తినలేదు. ఐదో రోజున వాచరు ఇప్పపువ్వు ఉడకబెట్టి, నూకల జావలో కలిపి పెడితే తిన్నది. డాక్టరు ముక్కు తాడు కోసి తీశాడు. పుండు మానింది కానీ ముక్కు పైన రూపాయి బిళ్లంత బొక్క అలాగే ఉండిపోయింది. అన్నిటికన్నా పెద్ద చిక్కు సలాం. జావ గిన్నె తెచ్చిన వాచరుకు సలాం. బావి దగ్గర చెమట తుడుచుకోవడానికి నేను నొసటికి చెయ్యి పెడితే నాకూ సలాం. చెయ్యి నొసటికి పోతే చాలు, ఎంత దూరాన ఉన్నా లేచి నిలబడేది. మనుషుల మధ్య అది నవ్వులాట. అడవిలో మాత్రం ప్రాణాంతకం. ఎలుగు వెనక కాళ్ల మీద లేచిందంటే మీద పడబోతుందని మా ఊళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. సలాం పోవాలి. అది పోకుండా దాన్ని వదలకూడదు. వదిలితే చంపేస్తారు. ఇది మొదటి నెలలోనే నాకు స్పష్టంగా తెలుసు. తెలియక చేశాననే మాట నేను అనలేను.

సాయిబు ప్రతి శుక్రవారం నమాజు చదువుకొని వరంగల్ నుంచి బస్సులో వచ్చేవాడు. మట్టెవాడ వైపు ఏదో సందులో ఉండేవాడట. ఎలుగు పోయాక గింజల దుకాణంలో బస్తాలు మోసే పనికి కుదిరాడు. ఆ వయసులో. వచ్చి ముళ్లతీగ అవతల, రోడ్డు పక్కన నిలబడేవాడు. గాలి ఇటు తిరిగితే ఎలుగుకు అతని వాసన తగిలేది. తీగ దగ్గరికి పరుగెత్తి, పసిపిల్ల ఏడ్చినట్టు మూలిగేది. నేను కర్ర పట్టుకొని పోయేవాడిని.

"నీ వాసన తగిలినన్ని రోజులు అది అడవిది గాదు. ఇంకోసారి ఇక్కడ కనిపిస్తే కేసు తిరగతోడ్త."

"జర జూసి పోత సార్. దగ్గరికి రాను."

"చూసుడు లేదు, ఏం లేదు. నడువ్."

మూడు శుక్రవారాలు వెళ్లగొట్టాను. నాలుగోసారి వచ్చినప్పుడు తీగ దగ్గరికి రాకుండా, దూరంగా నా కోసం నిలబడ్డాడు.

"సార్, రావద్దన్నరు, ఇగ రాను. గని ఒక్క మాట ఇనుండ్రి. సలాం నేర్పింది నేను. మరిపిచ్చుడు గూడ నాకే ఎర్క. అది లేసి నిలబడ్డప్పుడు మీరు ఎన్కకు తిరుగుండ్రి. ఎవ్వలు జూడొద్దు, ఎవ్వలు నవ్వొద్దు, నోట్లె ఏం పెట్టొద్దు. జర సబర్ చేసిన్రంటె ఏడాదికి అదే మరుస్తది. మరిచినంక మాత్రం మల్ల గుర్తు చేయొద్దు సార్. మల్లొక్కసారి బెల్లం పెట్టిండ్రంటె ఇగ సచ్చేదాంక పోదు. మా నాయిన చెప్పిండు."

"నాకు పాఠాలు చెప్పొచ్చినవా" అన్నాను. అతను తల వంచుకొని బస్సు దిక్కు పోయాడు. ఆ తర్వాత నిజంగానే తీగ దగ్గరికి రాలేదు. శుక్రవారం నాడు రోడ్డు మలుపులో ఉన్న చాయ్ హోటల్లో కూర్చొని, సామాన్ల కోసం వచ్చిన మా వాచరును అడిగి, 'తింటాంది, మంచిగనే ఉన్నది' అనిపించుకొని, అదే బస్సులో తిరిగి పోయేవాడట. ఆ సంగతి నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది. మా వాచరు నాకు చెప్పలేదు. చెబితే ఏమంటానో అతనికి తెలుసు.

సాయిబును తిట్టి పంపానే కానీ, అతను చెప్పినట్టే చేశాను. మరుసటి రోజు నుంచే అది లేచి నిలబడితే మేమిద్దరం గిరుక్కున వెనక్కి తిరిగేవాళ్లం. గిన్నె కింద పెట్టి, దాని వైపు చూడకుండా పోయేవాళ్లం. మొదట్లో పాపం ఎంతసేపు నిలబడేదో. కాళ్లు వణికేదాకా నిలబడి, ముందుకాలు మొహానికి ఆనించుకొని, మేము చూస్తామేమోనని ఎదురుచూసేది. వాచరు పొద్దున్నే గడ్డపారతో చెదపుట్ట పగలగొట్టి వదిలేసేవాడు. మెల్లగా అది ముట్టె పెట్టి చెదలు పీల్చడం నేర్చింది. తర్వాత పుట్టను తనే గీరడం మొదలుపెట్టింది. వానాకాలం పోయి చలికాలం, చలికాలం పోయి ఎండాకాలం. కంచెలో తునికి పండ్లు రాలినప్పుడు మా గిన్నె వైపు రావడం తగ్గించింది. ఒకరోజు నేను పది అడుగుల దూరంలో నిలబడి, కావాలని చెయ్యి నొసటికి పెట్టాను. అది తల ఎత్తి నన్ను చూసింది. చూసి, మళ్లీ పుట్ట తవ్వుకుంది.

ఆ రోజు నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. హనుమకొండలో మా ఇంటికి పోయి మా ఆవిడకు చెప్తే, "సలాం కొట్టించుకునేటోళ్లను మస్తు మందిని జూసిన. కొట్టకపోతే సంబురపడేటోన్ని నిన్నే చూస్తాన" అన్నది. నేను పైకి రాసిన రిపోర్టులో ఆ పద్ధతినంతా వివరంగా రాశాను. వెనక్కి తిరగడం, చూడకపోవడం, నోట్లో ఏమీ పెట్టకపోవడం. నా అనుభవంలో కనిపెట్టిన పద్ధతి అని రాశాను. సాయిబు ప్రస్తావన ఎక్కడా లేదు. అంతవరకు నా తప్పు దొంగతనం మాత్రమే. అక్కడ ఆగినా బాగుండేది.

ఆ తర్వాత వచ్చిన చలికాలంలో హైదరాబాద్ నుంచి ఒక పెద్ద అధికారి భార్యాబిడ్డలతో వచ్చాడు. రామప్ప చూసి, పాఖాల చెరువు గెస్ట్‌హౌసులో భోంచేసి, దారిలో ఉంది కదా అని మా కంచెకు వచ్చారు. రిపోర్టు చదివానని, ఆ ఎలుగును చూపించమని అన్నాడు. తీసుకెళ్లాను. ఎలుగు మాకు వీపు పెట్టి, చెట్టు మొదట్లో తవ్వుకుంటోంది. అది అలా మమ్మల్ని పట్టించుకోకపోవడమే మా ఏడాది కష్టానికి ఫలితమని చెప్పాను. అతను వాచీ చూసుకున్నాడు. కూతురు, ఎనిమిదేళ్లు ఉంటాయేమో, తీగ పట్టుకొని, "డాడీ, ఇది ఏమీ చెయ్యదా?" అని అడిగింది.

"చేసేదట ఒకప్పుడు. వీళ్లు మానిపించారు" అన్నాడు అతను, నవ్వుతూ. ఎగతాళి కూడా కాదు, మామూలు మాట. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

ఆయన మెచ్చుకోకపోతే కంచె మూసేస్తారేమోనని భయపడి అలా చేశానని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. అది అబద్ధం. కంచె మూస్తామని ఎవరూ అనలేదు. నేను చేసిన పని పెద్ద పని అని ఆ మనిషికి కనిపించాలి. మానిపించామంటే కనిపించదు. చేయించి చూపిస్తేనే కనిపిస్తుంది. అంతే.

నొసటికి చెయ్యి పెట్టాను. ఎలుగు తిరగలేదు. నాలుకతో చప్పుడు చేసి మళ్లీ పెట్టాను. చూసింది కానీ లేవలేదు. వెనక నుంచి వాచరు మెల్లగా, "వద్దు సార్" అన్నాడు. అందరి ముందు ఆ మాట అన్నందుకు నాకు ఇంకా మండింది. నేరుగా షెడ్డులోకి పోయి, బీరువా తాళం తీసి, జప్తు సామానులో ఉన్న డమరుకం తీసుకొచ్చాను. వాచరు అన్నం మూటలో ఉన్న బెల్లంముక్క తీసుకున్నాను. అడిగి కాదు, మూట విప్పి తీసుకున్నాను. డమరుకం రెండుసార్లు ఆడించేసరికి ఎలుగు చెవులు నిక్కాయి. తవ్వడం ఆపింది. నేను చెయ్యి నొసటికి పెట్టాను. అది లేచి నిలబడి, కొంచెం తూలి, ముందుకాలు మొహానికి ఆనించి సలాం చేసింది.

పిల్ల చప్పట్లు కొట్టింది. నేను బెల్లం విసిరాను. పెద్దాయన నా భుజం తట్టి, "వండర్‌ఫుల్" అన్నాడు.

ఒక్కసారితో ఆగినా సాయిబు మాట ప్రకారం ఆలస్యమైపోయినట్టే. కానీ ఒక్కసారితో ఆగలేదు. ఆ చలికాలమంతా ఎవరు వచ్చినా చేయించాను. కాలేజీ పిల్లలు వచ్చారు, బ్యాంకు మేనేజరు చుట్టాలతో వచ్చాడు, ఒకాయన కెమెరా తెచ్చాడు. చివరికి డమరుకం కూడా అవసరం లేకుండా పోయింది, చెయ్యి ఎత్తితే చాలు. వాచరు నాతో అవసరానికి మించి మాట్లాడటం మానేశాడు. తన అన్నం మూటను ఎత్తుగా చెట్టుకొమ్మకు కట్టుకునేవాడు. నాకు అర్థమైంది. అర్థం కానట్టు తిరిగాను.

ఎండాకాలం మొదలయ్యేసరికి దాన్ని వదలడానికి పైనుంచి అనుమతి వచ్చింది. అప్పుడు గుండెల్లో రాయి పడింది. జనాన్ని రానివ్వడం ఆపేసి, మళ్లీ వెనక్కి తిరగడం మొదలుపెట్టాం. మూడు నెలలు. అది నిజంగానే లేవడం మానేసింది. నేను చెయ్యి ఎత్తి చూస్తే పట్టించుకోలేదు, వాచరు ఎత్తి చూస్తే పట్టించుకోలేదు. పోయింది అనుకున్నాను. పోయిందని అనుకోవడం నాకు కావాలి.

"ఇంకో ఏడాది ఉంచుదాం సార్" అన్నాడు వాచరు. అంతకాలం తర్వాత అతను నాకు చెప్పిన ఒకే ఒక్క సలహా అది.

"మల్ల అనుమతి ఎవడు తెస్తడు? నువ్వు తెస్తవా?" అన్నాను.

మృగశిర వానలు పడి, ఉసిళ్లు లేచి, అడవిలో తిండికి కొదువ లేని రోజులు చూసి, జీపులో ఏటూరునాగారం వైపు లోపలికి తీసుకెళ్లి వదిలాం. పెట్టె తలుపు ఎత్తగానే అది దిగి, నేల వాసన చూసి, మా వైపు తిరిగి చూడకుండా పొదల్లోకి పోయింది. తిరిగి చూడనందుకు నేను పొంగిపోయాను.

తర్వాతి శుక్రవారం, నాకు ఏమనిపించిందో, నేనే చాయ్ హోటలుకు పోయాను. సాయిబు అక్కడే కూర్చొని ఉన్నాడు. అప్పటికి అతను అక్కడికి వస్తాడని తెలుసు నాకు. "నీ బిడ్డ అడవికి పోయింది చాచా" అన్నాను. అతన్ని చాచా అనడం అదే మొదలు. అతను లేచి నిలబడి రెండు చేతులూ పైకెత్తి దువా చేశాడు. "సలాం మరిచిందా సార్?" అని అడిగాడు. "ఎప్పుడో మరిచింది" అన్నాను. హోటల్లో ఉన్న నలుగురికీ అతను చాయ్ చెప్పాడు.

అది అడవిలో ఎనిమిది తొమ్మిది నెలలు బతికింది. తిండి వెతుక్కుంది, ఒళ్లు చేసింది. నేర్పిన వాటిలో మా వాచరు నేర్పినవన్నీ దానికి పనికొచ్చాయి.

ఇప్పపువ్వు రాలే కాలంలో తెల్లవారగానే జనం గంపలు పట్టుకొని చెట్ల కిందికి పోతారు. ఎలుగులూ అదే పువ్వు కోసం వస్తాయి. సాధారణంగా మనిషి అలికిడికి అవి తప్పుకుంటాయి. ఆ రోజు పొద్దుపొడుపున ఒక రైతు చెట్టు కిందికి వస్తూ, అవతల నల్లగా ఏదో కదిలితే, ఎండ కళ్లలో పడుతోందని చెయ్యి నొసటికి అడ్డం పెట్టుకొని చూశాడు.

ఎలుగు లేచి నిలబడింది.

వాచరు బంధువుల ద్వారా కబురు తెలిసి మేము పోయేసరికి మధ్యాహ్నమైంది. దాన్ని చెట్టు కింద ఆకుల మీద పడుకోబెట్టి ఉంచారు. ముక్కు మీద బొక్క చూడకముందే నాకు తెలిసిపోయింది. గొడ్డలి దెబ్బలన్నీ ముందువైపే ఉన్నాయి. పారిపోతున్న జంతువుకు దెబ్బలు వెనక తగులుతాయి.

నేను ఆ ఊరివాళ్ల మీద విరుచుకుపడ్డాను. ఒక్కొక్కడిని లోపలేయిస్తానన్నాను. గొంతు బొంగురుపోయేదాకా అరిచాను. అంత కోపం ఎవరి మీదో నాకు తెలుసు. ఆ రైతు ముందుకొచ్చి చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

"మీద పడ్తదనుకున్న సార్. ఒర్లిన. అందరు ఉరికొచ్చిండ్రు. అది ఉరుకలే సార్. చెయ్యి మొఖం మీద పెట్టుకొని గట్లనే నిలబడ్డది. మొదటి దెబ్బ పడ్డంక గూడ గట్లనే పెట్టింది. గుడ్డేలుగు గట్ల చేసుడు నేనెన్నడు జూడలే."

మా వాచరు అక్కడే ఉన్నాడు. అతను నన్ను చూస్తాడనుకున్నాను. నేల చూపులు చూస్తూ గొయ్యి తవ్వడానికి గడ్డపార అడిగాడు. కేసు పెట్టలేదు. మనుషులకు జంతువుకు మధ్య ఘర్షణ అని రాసి కాగితం పంపాను. ఎవరూ ఏమీ అడగలేదు. ఆ అధికారి కూడా అడగలేదు.

తర్వాతి శుక్రవారం నేను హోటలుకు పోలేదు. సాయిబే వచ్చాడు. రావద్దన్న రోజు నుంచి ఒక్కసారి కూడా దాటని రోడ్డు దాటి, తీగ దగ్గరికి, అక్కడి నుంచి గేటు దగ్గరికి వచ్చాడు. బస్సులో ఎవరో చెప్పుకుంటుంటే విన్నాడట. అప్పటికి బస్తాలు మోసీ మోసీ నడుము వంగిపోయింది. నేను కుర్చీ చూపించాను. కూర్చోలేదు.

"మన బేటీయేనా సార్?"

"అదే."

గేటు పట్టుకొని నిలబడ్డాడు. తర్వాత అడిగాడు.

"సలాం చేసిందా?"

లేదు అనవచ్చు. ఆ అబద్ధం చెప్పి ఉంటే అతను కొంచెం ఏడ్చి పోయేవాడు. లేదంటే నిజమంతా చెప్పవచ్చు. అది మరిచిపోయింది చాచా, ఏడాదిలో మరిచిపోయింది, నువ్వు చెప్పినట్టే మరిచిపోయింది, ఒక పెద్దమనిషి మెప్పు కోసం నీ డమరుకమే వాయించి నేను గుర్తు చేశాను అనవచ్చు. మాటలన్నీ వరసగా నోటి దాకా వచ్చాయి.

"చేసింది" అన్నాను. అంతటితో ఆపేశాను.

సాయిబు నిలబడ్డచోటనే కింద కూర్చున్నాడు. తన కుడిచెయ్యిని ముందు పెట్టుకొని చూసుకున్నాడు. "ఈ చెయ్యే సార్" అన్నాడు. "ఈ చెయ్యే నేర్పింది. నేను నేర్పకపోతే ఉరికేది. నా బిడ్డను నేనే సంపుకున్న." అలా అని అరచేతిని నేలకేసి కొట్టుకున్నాడు. ఒకసారి కాదు. వాచరు వచ్చి పట్టుకున్నాడు. వాచరు నోరు విప్పుతాడని నేను భయపడ్డాను. ఇంత జరిగాక కూడా, ఆ క్షణంలో నా భయం అది. అతను విప్పలేదు. నా తిండి తిన్నవాడు కాదు, నేనే అతని బెల్లం తిన్నవాడిని. అయినా విప్పలేదు.

కాసేపటికి సాయిబు లేచాడు. గడ్డం తుడుచుకున్నాడు. నా ముందుకొచ్చి రెండు చేతులూ జోడించాడు.

"మీరు రెండేండ్లు కష్టపడ్డరు సార్ దాని కోసం. కన్నబిడ్డ లెక్క చూసుకున్నరు. మీ కష్టమంత నేను నేర్పిన పాడు విద్యతోని ఖరాబ్ అయింది. నన్ను మాఫ్ చేయుండ్రి."

అప్పటికైనా చెప్పవచ్చు. చేతులు నా ముందు జోడించి ఉన్నాయి, చర్మం చిట్లి రక్తం వస్తోంది.

"పోనియ్ చాచా" అన్నాను. "నువ్వు కావాలని చేసినవా ఏంది."

అతను నా చేతులు తీసుకొని కళ్లకద్దుకున్నాడు. మాఫ్ చేసినందుకు అల్లా నన్ను చల్లగా చూడాలన్నాడు. నాలుగు గంటల బస్సుకు పోయాడు. ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు. నేను మట్టెవాడలో అతని ఇల్లు వెతకలేదు. వెతికితే దొరికేవాడు.